ఇన్‌స్టాల్ నేర్పాం, అప్‌గ్రేడ్ మరిచాం

దాళ్వా కోతలు అవ్వగానే గోదావరి డెల్టాలో కాలువలు కట్టేస్తారు. ఆ కొద్ది వారాల్లోనే పూడిక తీయాలి, లాకుల తలుపులు బాగుచేయాలి, తూములు చూసుకోవాలి. సార్వాకు నీళ్లు వదిలాక గుర్తొస్తే లాభం లేదు. కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని 1852లో ముగించాడు. ఆ కాలువల బాగోగులు చూసే పని మాత్రం ఇప్పటికీ ఏటా ఉంటూనే ఉంది. ఇంత తెలిసిన ఊళ్లలో కాలేజీ కంప్యూటర్ ల్యాబులకు ఆ బాగోగులు ఎందుకు లేవన్నదే నా బాధ.

పోయిన వేసవిలో అమలాపురం దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో లైనక్స్ (విండోస్‌కు బదులు ఉచితంగా వాడుకునేది) క్లాసులు చెప్పాను. ల్యాబులో ముప్పై సిస్టమ్స్, అన్నింట్లో ఉబుంటు 18.04, అంటే లైనక్స్‌లో ఒక రకం, 2018 నాటి వెర్షన్. మొదటి రోజు కమాండ్లు కొట్టే నల్లటి టెర్మినల్ తెరిపించి, సాఫ్ట్‌వేర్ తెచ్చిపెట్టే ఆప్ట్ అనే ప్రోగ్రామ్‌తో ‘సుడో ఆప్ట్ అప్‌డేట్’ కొట్టించాను. ఒక్కో సిస్టమ్‌లో వందల ప్యాకేజీలు, అంటే సాఫ్ట్‌వేర్ మూటలు, పెండింగ్ ఉన్నాయని చూపించింది. ‘ఆప్ట్ అప్‌గ్రేడ్’ కొట్టి సాయంత్రానికి అన్నీ పూర్తి చేశాం. మర్నాడు మళ్లీ కొట్టిస్తే పెండింగ్ సున్నా. “ఇంక మనవన్నీ కొత్తవే కదా సార్” అంది ముందు వరుసలో అమ్మాయి, చాలా సంతోషంగా.

కావు. ఆ వెర్షన్‌కు మామూలు సపోర్ట్, అంటే తయారుచేసినవాళ్లు ఉచితంగా పంపే మరమ్మతులు, 2023 మేతోనే అయిపోయింది. పైనుంచి నీళ్లు రావడం ఆగిపోతే బోదెలో అలికిడి ఉండదు. ఆ సున్నా అలాంటిదే. డబ్బు కట్టి ఉబుంటు ప్రో తీసుకుంటే ఇంకొన్నేళ్లు లాగొచ్చు. ఐదు సిస్టమ్స్ దాకా సొంత వాడకానికి అది ఉచితం కూడా. ముప్పై సిస్టమ్స్ ఉన్న కాలేజీకి అది దారి కాదు.

అప్‌డేట్‌కీ అప్‌గ్రేడ్‌కీ తేడా కూడా చాలామందికి తెలియదు. అప్‌డేట్ అంటే కొట్లో ఏ సరుకు కొత్తగా వచ్చిందో చీటీ రాసుకోవడం. అప్‌గ్రేడ్ అంటే ఆ సరుకు ఇంటికి తెచ్చుకోవడం. చీటీ రాసుకుని, సరుకు వచ్చేసిందనుకునే ల్యాబ్ అసిస్టెంట్లను నేను చాలామందిని చూశాను. తప్పు వాళ్లది కాదు, ఎవరూ విడమరిచి చెప్పలేదు.

విండోస్ మీద పెరిగిన పిల్లలకు సాఫ్ట్‌వేర్ అంటే గూగుల్‌లో వెతకడం, పైన కనిపించిన లింకు నొక్కడం, పెద్ద పచ్చ బటన్ మీద క్లిక్ చేయడం. అది ఎవరు పెట్టిన ఫైలో, దాంతో పాటు ఇంకేం దిగుతున్నాయో చూడరు. ఆప్ట్ పద్ధతి వేరు. ఉబుంటుకు మూలమైన, 1993లో మొదలైన డెబియన్ అనే లైనక్స్, 1999లో వచ్చిన తన 2.1 వెర్షన్‌తో దీన్ని జనానికి అందించింది. డెబియన్ 12లో 64 వేలకు పైగా ప్యాకేజీలున్నాయి. ప్యాకేజీల జాబితా మీద డిజిటల్ సంతకం ఉంటుంది. దిగిన ఫైలు ఆ జాబితాలోని లెక్కతో ఒక్క అక్షరం తేడా వచ్చినా ఆప్ట్ దాన్ని ఒప్పుకోదు. ఒక ప్రోగ్రామ్‌కు ఇంకో నాలుగు కావాలంటే వాటిని కూడా తనే వెతికి తెస్తుంది. తెలుగు ఫాంట్ల కోసం డీటీపీ సెంటర్ల చుట్టూ పెన్‌డ్రైవ్ పట్టుకుని తిరిగిన రోజులు నాకు గుర్తున్నాయి. ఇప్పుడు ‘ఫాంట్స్-తెలుగువిజయం’ అని ఒక్క ప్యాకేజీ పేరు కొడితే గిడుగు, గురజాడ, పెద్దన, ధూర్జటి పేర్లున్న ఫాంట్లన్నీ ఒకేసారి వచ్చేస్తాయి. విండోస్‌లో కూడా వింగెట్ అని ఇలాంటిదే ఉంది. ‘వింగెట్ అప్‌గ్రేడ్’ అని కొడితే ఏవి పాతబడ్డాయో చెబుతుంది. అది కూడా నేర్పాలి.

“అప్‌గ్రేడ్ చేస్తే ఉన్నది పోతుంది సార్” అనే మాట ప్రతి ల్యాబులో వింటాను. ఆ భయం ఊరికే రాలేదు. ఇంకో కాలేజీలో ప్రాక్టికల్స్‌కు రెండు రోజుల ముందు నేనే అప్‌గ్రేడ్ పెట్టాను. గాలివాన వచ్చి మధ్యలో కరెంటు పోయింది. మర్నాడు ఒక సిస్టమ్‌లో ఏ ఇన్‌స్టాల్ కమాండ్ కొట్టినా ఎర్రరే. అందరికీ టెన్షన్. ఫార్మాట్ చేసేద్దామన్నారు. ఆ ఎర్రర్‌ను గట్టిగా చదవమని ఒక కుర్రాణ్ని అడిగాను. పని మధ్యలో ఆగిపోయింది, ‘సుడో డీపీకేజీ డాష్ డాష్ కాన్ఫిగర్ డాష్ ఏ’ కొట్టండి అని అందులోనే ఉంది. కొట్టాడు. కాసేపటికి సిస్టమ్ మామూలైపోయింది. మందు పేరు చీటీ మీదే రాసి ఉంది, ఇంగ్లిష్ వాక్యం కదా అని చదవలేదు. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు తెర మీద ఇంగ్లిష్ కనిపిస్తే కళ్లు తిప్పేసుకుంటారు. ఇలాంటి ఇరవై వాక్యాలను ఒక గంట కూర్చుని తెలుగులో విడమరిచి చెబితే ఆ భయం పోతుంది. చెప్పి చూశాను, పోయింది.

ఇంకోటి కూడా పట్టుబట్టి నేర్పుతాను. సరేనని ‘వై’ నొక్కేముందు, ఏవి తీసేయబోతున్నానో ఆప్ట్ ఒక జాబితా చూపిస్తుంది. దాన్ని పేరు పేరునా చదవాలి. అందులో డెస్క్‌టాప్ (తెర మీద కనిపించే మెనూలు, కిటికీలు) పేరు కనిపిస్తే వెంటనే ఆగిపోవాలి.

అప్‌గ్రేడ్‌తో పాటు విషం కూడా వస్తే ఎలా అన్న ప్రశ్న న్యాయమైనదే. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే, ఫైళ్లను కుదించే చిన్న ప్యాకేజీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగ తలుపు బయటపడింది. లాగిన్‌కు అర సెకను ఎక్కువ ఎందుకు పడుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ ఆరా తీస్తే దొరికింది. అప్పటికి అది డెబియన్ పరీక్షా దశ వెర్షన్ల దాకా వచ్చింది, పరీక్షలన్నీ అయ్యాక విడుదల చేసే స్టేబుల్‌లోకి మాత్రం చేరలేదు. అందుకే ల్యాబుకు స్టేబుల్ చాలు, ఎల్‌టీఎస్ (ఏళ్ల తరబడి సపోర్ట్ ఉండే ఉబుంటు వెర్షన్) చాలు. రెండో వైపు 2017 సంగతి చూడండి. వాన్నాక్రై అనే వైరస్ మే నెలలో ప్రపంచమంతా కంప్యూటర్లకు తాళాలు వేసి డబ్బడిగింది. అది దూరిన కంతను పూడ్చే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చేసింది. దెబ్బతిన్నవాళ్లలో ఎక్కువమంది రెండు నెలలపాటు దాన్ని వేసుకోనివాళ్లే. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, చేయకపోవడం వల్ల వచ్చే నష్టమే పెద్దదని నాకు తోస్తుంది.

ఇక నెట్ ఖర్చు. సిస్టమ్‌కు 300 ఎంబీ అనుకున్నా ముప్పైకి 9 జీబీ. ఆప్ట్-క్యాచర్-ఎన్‌జీ అనే ఉచిత ప్రోగ్రామ్‌ను ఒక సిస్టమ్‌లో పెడితే ఒక్కో ప్యాకేజీ బయటి నుంచి ఒక్కసారే దిగుతుంది, మిగతావాటికి లోపలి వైరు మీదే అందుతుంది. మెయిన్ కాలువ నుంచి ఒక్క తూము తెరిచి, అక్కడి నుంచి బోదెలకు మళ్లించడం లాంటిది. పిల్లలకు ఈ పోలికతో చెబితే మళ్లీ అడగలేదు.

లేనిదల్లా మనిషి. కాలువ మీద ఒక లష్కరు ఉంటాడు, ఏ తూము ఎప్పుడు తెరవాలో అతని బాధ్యత. ల్యాబుకు అలాంటి మనిషి లేడు. నేను చూసిన రికార్డు పుస్తకాల్లో లైనక్స్ ఇన్‌స్టాల్ చేయడం ఒక ప్రాక్టికల్‌గా ఉంది. దాన్ని ఆర్నెల్లు ఆరోగ్యంగా ఉంచడం ఎక్కడా లేదు. ఉంచినవాళ్లకు మార్కులూ లేవు. రేపు ఉద్యోగానికి వెళ్తే సర్వర్ల దగ్గర అడిగేది ఈ రెండో పనే.

ఆ కాలేజీలో ఇప్పుడు 24.04కు మారుతున్నాం, దానికి 2029 దాకా సపోర్ట్ ఉంది. 18.04 నుంచి ఒక్క గెంతులో పోలేం. 20.04, 22.04 మీదుగా మెట్టు మెట్టుగా ఎక్కాలి, లేదా పిల్లల ఫైళ్లు పక్కన దాచి కొత్తగా వేయాలి. కొత్తగా వేయడానికే మొగ్గాం. ముందు వరుసలో కూర్చునే ఆ అమ్మాయికే రిజిస్టర్ ఇచ్చాను: తేదీ, సిస్టమ్ నంబర్, ఎన్ని ప్యాకేజీలు మారాయి, ఏవి తీసేశాం. రెండు సిస్టమ్స్ అయ్యాయి. మిగతా ఇరవై ఎనిమిదికి రెండు రోజులు ల్యాబు ఖాళీగా ఇమ్మని యాజమాన్యాన్ని అడిగాం, కాలువలు వదిలేలోపు.