అంపైర్ తప్పు చేయకపోతే ఓడినవాడి గతేమిటి?

మార్చి చివరి నుంచి సెప్టెంబర్ దాకా అమెరికాలో ఒక్కో బేస్‌బాల్ జట్టు 162 మ్యాచ్‌లు ఆడుతుంది. ఆ రోజుల్లో అంపైర్ చేసిన తప్పు మర్నాటికి మాసిపోతుంది. మర్నాడు ఇంకో మ్యాచ్, ఇంకో తప్పు. అక్టోబర్‌లో ప్లేఆఫ్స్ మొదలయ్యాక మర్నాడు అనేది ఉంటుందన్న హామీ లేదు. అందుకే ఆ నెలలో పుట్టిన తప్పుకు ఆయుష్షు ఎక్కువ. శ్రద్ధగా పోషిస్తే రెండు తరాలు బతుకుతుంది. ఆ పోషణ ఎలాగో చెప్పే పెద్దదిక్కు లేక కొత్త అభిమానులు అంపైర్‌ను నాలుగు తిట్లు తిట్టి పడుకుంటున్నారు. ముఖ్యంగా అట్లాంటా శివార్లైన ఆల్ఫారెట్టా, కమ్మింగ్, జాన్స్ క్రీక్‌లలో ఇళ్లు కొనుక్కుని, ఇంటితో పాటు అట్లాంటా బ్రేవ్స్ జట్టు బాధలను కూడా రిజిస్టర్ చేయించుకున్న మన తెలుగువాళ్లు. తిట్టడం వాదన కాదు. వాదనకు శాస్త్రం ఉంది.

శాస్త్రాభ్యాసానికి 2012 అక్టోబర్ 5ను మించిన పాఠం లేదు. అట్లాంటాలో టర్నర్ ఫీల్డ్. బ్రేవ్స్‌తో సెయింట్ లూయిస్ కార్డినల్స్. ఆ ఏడాదే మొదలైన ఒకే ఒక్క మ్యాచ్ వైల్డ్ కార్డ్ పోటీ (తమ విభాగం గెలవని జట్లలో మెరుగైన రెండింటి మధ్య), ఓడినవాడు ఇంటికే. బ్రేవ్స్ సీజన్‌లో 94 మ్యాచ్‌లు గెలిచారు, కార్డినల్స్ 88. ఆ రెంటిలో మెరుగైనదాన్నే తీసుకునే పాత పద్ధతే ఉంటే కార్డినల్స్ ఆ సాయంత్రం టీవీ ముందు ఉండేవాళ్లు. ఇది గమనించదగ్గ విషయం. మొదటి బంతి పడకముందే అన్యాయం మొదలైపోయింది.

తొమ్మిదింటిలో ఎనిమిదో ఇన్నింగ్స్ రెండో సగం, బ్రేవ్స్ బ్యాటింగ్. కార్డినల్స్ 6, బ్రేవ్స్ 3. ఒకరు ఔట్, ముగ్గురైతే ఆ సగం అయిపోతుంది. ఫస్ట్ బేస్ మీద ఒక రన్నర్, సెకండ్ బేస్ మీద ఒక రన్నర్ (బేస్‌లన్నీ చుట్టి హోం ప్లేట్‌కు, అంటే బ్యాటర్ నిలబడే చోటికి, వస్తేనే పరుగు). ఆండ్రెల్టన్ సిమ్మన్స్ కొట్టిన బంతి గాల్లోకి బాగా లేచి లెఫ్ట్ ఫీల్డ్ ముందు భాగానికి వెళ్లింది. సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య కాపు కాసే షార్ట్‌స్టాప్ పీట్ కోజ్మా వెనక్కి పరుగెత్తి, బంతి కిందికి చేరి, చేతులెత్తి నాదేనన్నాడు. చివరి క్షణంలో మనసు మార్చుకుని, వెనక నుంచి వస్తున్న లెఫ్ట్ ఫీల్డర్ మాట్ హాలిడేకు వదిలేసి పక్కకు తప్పుకున్నాడు. బంతి గడ్డిలో పడింది. 50 వేల మందికి పైగా జనం లేచి నిలబడ్డారు. మూడు బేస్‌లూ నిండాయి, ఒక్కరే ఔట్, ఇక చూస్కో అనుకున్నారు. లెఫ్ట్ ఫీల్డ్ అంపైర్ సామ్ హోల్‌బ్రూక్ కుడిచెయ్యి అప్పటికే పైకి లేచి ఉంది. ఇన్‌ఫీల్డ్ ఫ్లై. క్యాచ్ పట్టకపోయినా బ్యాటర్ ఔట్. రన్నర్లు ఒక్కో బేస్ ముందుకు జరిగారు గానీ ఔట్లు రెండయ్యాయి. తర్వాత సీసాలు, డబ్బాలు మైదానంలోకి వర్షించాయి. ఆట 19 నిమిషాలు ఆగింది.

క్రికెట్ మాత్రమే తెలిసినవాళ్ల కోసం ఆ నిబంధన సంగతి కాస్త. బేస్‌బాల్‌లో గాల్లోకి లేచిన బంతిని పడతారనుకుంటే రన్నర్లు తమ బేస్ దగ్గరే ఆగాలి. పట్టకపోతే, వెనక నుంచి ఇంకొకడు వస్తాడు కాబట్టి తప్పనిసరిగా ముందు బేస్‌కు పరుగెత్తాలి. ఈ ఇరకాటాన్ని కనిపెట్టిన ఫీల్డర్లు తేలికైన క్యాచ్‌ను కావాలనే జారవిడిచి, ఆగిపోయిన రన్నర్లను ఇద్దర్ని ఒకేసారి ఔట్ చేసేవాళ్లు. ఈ దొంగతనాన్ని ఆపడానికి 1890ల్లోనే నిబంధన తెచ్చారు. ఇద్దరు ఔట్ కాకముందు, ఫస్ట్, సెకండ్ బేస్‌ల మీద రన్నర్లు ఉన్నప్పుడు (మూడూ నిండి ఉన్నా సరే), ఇన్‌ఫీల్డర్ (బేస్‌ల దగ్గర కాపు కాసే ఫీల్డర్) మామూలు ప్రయత్నంతో పట్టగలిగిన ఎత్తు బంతి వస్తే, పట్టినా పట్టకపోయినా బ్యాటర్ ఔట్. రన్నర్లకు పరుగెత్తాల్సిన నిర్బంధం పోతుంది. బంట్‌కూ (బ్యాట్ మెల్లగా తాకించి వదిలే బంతి), గాల్లో ఎత్తు లేవకుండా సూటిగా దూసుకెళ్లే దెబ్బకూ ఇది వర్తించదు. అంటే ఇది బ్యాటింగ్ జట్టును కాపాడటానికి పుట్టిన నిబంధన. ఆ రాత్రి బ్యాటింగ్ జట్టునే కాటేసింది. దీని పుట్టుపూర్వోత్తరాల మీద 1975లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు న్యాయశాస్త్ర పత్రిక ఒక వ్యాసమే వేసింది. ఆ వ్యాసంలో సగం పరిహాసమని తెలిశాక కూడా న్యాయవాదులు దాన్ని ఉదహరిస్తూనే ఉన్నారు. మనం ప్రవేశించబోయే రంగం అలాంటిది.

ఇప్పుడు ప్రమాణాలు, అంటే తర్కశాస్త్రం ఒప్పుకున్న రుజువులు. మొదటిది ప్రత్యక్షం, అంటే వీడియో. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. వీడియోను ఎప్పుడూ పూర్తిగా చూడకూడదు, చూపించకూడదు. మీరు కార్డినల్స్ పక్షమైతే కోజ్మా ఇన్‌ఫీల్డ్ వైపు తిరిగి, కాళ్లు దాదాపు నిలిపి, చేతులెత్తిన చోట ఆపండి. ఇంతకన్నా మామూలు ప్రయత్నం ఏముంటుందని అడిగి మౌనం వహించండి. బ్రేవ్స్ పక్షమైతే అర సెకను ముందుకు జరిపి, కోజ్మా తప్పుకుంటూ, బంతి నేలకు దగ్గరవుతూ, అంపైర్ చెయ్యి అప్పుడప్పుడే లేస్తున్న చోట ఆపండి. ఇదేనా వెంటనే ప్రకటించడం అని అడగండి. రెండు బొమ్మలూ ఒకే బంతివని ఎవరైనా గుర్తుచేస్తే వాళ్లు తటస్థులు, వాళ్లతో మనకు పని లేదు.

రెండోది శబ్దప్రమాణం, అంటే రూల్ బుక్. దీంట్లో ఒక్కో పక్షానికి ఒక్కో వాక్యం ఉంది, పక్కవాడి వాక్యం చదవకపోవడమే మర్యాద. అంపైర్ వెంటనే ప్రకటించాలన్న మాట బ్రేవ్స్‌ది. ఈ నిర్ణయానికి గడ్డి అంచు, బేస్ లైన్ లాంటి గీతలేవీ హద్దు కావు, అంపైర్ అంచనాయే ప్రమాణం అన్న వివరణ కార్డినల్స్‌ది. అసలు తెలిసినవాళ్లు చెప్పేదేమిటంటే, బంతి గాల్లో శిఖరానికి చేరి, కింద ఫీల్డర్ కుదురుకున్నాడో లేదో చూశాకే అంపైర్లు చెయ్యెత్తుతారు, కాబట్టి 'వెంటనే' అన్న మాటకు కొంత సాగుడు ఎప్పుడూ ఉంది. ఈ వాక్యం ఏ పక్షానికీ పూర్తిగా పనికిరాదు. అందుకే దీన్ని ఎవరూ వాడరు.

మూడోది అనుమాన ప్రమాణం, అంటే ఊహించి తేల్చే తర్కం. బ్రేవ్స్ అభిమాని నిజంగా బలంగా నిలబడగలిగేది ఇక్కడే, అందుకు టేపు కావాలి. బంతి పడింది హోం ప్లేట్‌కు సుమారు 225 అడుగుల దూరంలో. హోం ప్లేట్ నుంచి సెకండ్ బేస్‌కే 127 అడుగుల చిల్లర. అంత దూరాన షార్ట్‌స్టాప్ కావాలనే బంతి జారవిడిచినా, వంగి తీసి, తిరిగి, థర్డ్ బేస్‌కు విసిరి, అక్కడి నుంచి మళ్లీ సెకండ్‌కు విసిరి ఇద్దర్ని ఔట్ చేయడం ఎంత సాధ్యం? ఆపదే లేని చోట రక్షణ దేనికి? ఇది మంచి ప్రశ్న. నిబంధన ఉద్దేశాన్ని చూడాలా, అక్షరాన్ని చూడాలా అనే ఈ ప్రశ్న మీద మీమాంసకులు కొన్ని శతాబ్దాలు బతికారు. అక్షరం వైపు చూస్తే హోల్‌బ్రూక్‌ది సమర్థించుకోదగ్గ నిర్ణయమే. బంతి కింద ఉన్నది తానేననీ, తను పట్టాల్సిందేననీ కోజ్మాయే తర్వాత ఒప్పుకున్నాడు. ఇది మాత్రం వాదనలో పొరపాటున కూడా ఎత్తకండి, కొంప మునుగుతుంది.

నాలుగోది ఉపమానం, అంటే పోలిక. ఇది మన తెలుగువాళ్లకు నిషిద్ధం. ఎల్బీడబ్ల్యూలో బంతి వికెట్లకు తగులుతోందని తెర మీద చూపిస్తూనే, సగానికన్నా తక్కువ తగిలింది కాబట్టి అంపైర్స్ కాల్ అంటే నోరు మూసుకునే ఆట మీద పెరిగినవాళ్లం. పక్కవాడికి ఆ సంగతి తెలిస్తే వాదన అక్కడితో సరి.

ఆ రాత్రి బ్రేవ్స్ మేనేజర్ ఫ్రెడీ గొంజాలెజ్ ఈ మ్యాచ్‌ను అధికారికంగా ప్రొటెస్ట్ కింద ఆడుతున్నామన్నాడు. లీగ్ తరఫున జో టోరీ ఆ రాత్రే దాన్ని కొట్టిపారేశాడు. నిబంధనను తప్పుగా వర్తింపజేస్తే ప్రొటెస్ట్ చెల్లేది గానీ, అంపైర్ అంచనా మీద చెల్లేది కాదు. 'మామూలు ప్రయత్నం' అనేది అంచనా. 225 అడుగుల దూరంలో కూడా అంచనాయే.

ఇంతవరకు వచ్చాక సాధకుడు నేర్చుకోవాల్సిన అసలు విద్య ఒకటుంది. ఏం మాట్లాడకూడదో తెలియడం. ఆ మ్యాచ్‌లో బ్రేవ్స్ ఫీల్డర్లు మూడు తప్పులు చేశారు. నాలుగో ఇన్నింగ్స్‌లో డబుల్ ప్లే (ఒకే బంతికి ఇద్దరు ఔట్) కావాల్సిన బంతిని చిప్పర్ జోన్స్ అడ్డదిడ్డంగా విసిరాడు. అక్కడి నుంచి కార్డినల్స్ మూడు పరుగులు తీశారు. ఏడో ఇన్నింగ్స్‌లో డాన్ అగ్లా ఒకటి, సిమ్మన్స్ ఒకటి చేశారు. అవును, అదే సిమ్మన్స్. చిప్పర్‌కు అదే ఆఖరి మ్యాచ్. అట్లాంటా దేవుడి ఆఖరి మ్యాచ్‌లో ఓటమికి తలుపు తీసింది ఆయన చెయ్యేనని ఏ భక్తుడు చెప్పగలడు? కాబట్టి హోల్‌బ్రూక్ చెయ్యి గురించి చెబుతాం. ఆ 19 నిమిషాల తర్వాత కూడా బ్రేవ్స్‌కు దారి మూసుకుపోలేదు. నాలుగు బంతులు కొట్టదగ్గ హద్దు బయట పడటంతో (వీటినే బాల్స్ అంటారు) బ్రయాన్ మెక్‌కాన్ ఉచితంగా బేస్‌కు వెళ్లాడు, బేస్‌లు నిండాయి, మైకెల్ బోర్న్ మూడు స్ట్రైక్‌లతో (గురి తప్పినా, కొట్టదగ్గ బంతి వదిలేసినా స్ట్రైకే) స్ట్రైకౌట్ అయ్యాడు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఇద్దరు రన్నర్లు బేస్‌ల మీద ఉండగా, హోం రన్ కొడితే స్కోరు సమం చేయగల బ్యాటర్ నిలబడ్డాడు. ఆ బ్యాటర్ అగ్లా నేల మీద కొట్టి ఔటయ్యాడు. ఆడలేక మద్దెల ఓడని ఎవరైనా అంటారేమో. మద్దెల ఓడేనని 225 అడుగుల టేపు చూపించండి.

ఇంకా లోతైన మౌనం ఒకటి ఉంది. రెండో ఇన్నింగ్స్‌లో బ్రేవ్స్ క్యాచర్ డేవిడ్ రాస్ బ్యాటింగ్ చేస్తూ, పిచర్ కైల్ లోష్ బంతి వదలబోతున్న సమయంలో ఆట ఆపమని టైమ్ అడిగాడు. అంపైర్ ఇచ్చాడు. పడిన బంతి మూడో స్ట్రైక్, రాస్ ఔటయ్యేవాడు. అది చెల్లలేదు. తర్వాతి బంతిని రాస్ ప్రేక్షకుల్లోకి కొట్టాడు, హోం రన్, రెండు పరుగులు. ఆ నిర్ణయం గురించి అట్లాంటాలో ఎవరూ ప్రొటెస్ట్ చేయలేదు. దాని మీద సీసా పడలేదు. ఆ అంపైర్‌ది నిష్పాక్షిక దృష్టి అని ఒప్పుకోవాలి.

కార్డినల్స్ అభిమానులు ఆ రాత్రి అంపైర్ మాటే వేదమన్నారు. వాళ్ల పూర్వ చరిత్ర తెలిసినవాళ్లకు కన్నీళ్లు ఆగవు. 1985 వరల్డ్ సిరీస్ (ఏడు మ్యాచ్‌ల ఫైనల్), ఆరో మ్యాచ్. కాన్సాస్ సిటీ రాయల్స్ మీద కార్డినల్స్ సిరీస్‌లో 3-2తో ముందున్నారు, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో 1-0తో కూడా. స్పష్టంగా ఔటైన జార్జ్ ఓర్టాను ఫస్ట్ బేస్ దగ్గర డాన్ డెంకింగర్ సేఫ్ అన్నాడు. ఆ మ్యాచ్ 2-1తో పోయింది, మర్నాడు ఏడోది 11-0తో పోయింది. సెయింట్ లూయిస్‌లో ఆ పేరు ఇప్పటికీ భోజనానికి ముందు తలవరు. అయితే అన్యాయంగా బతికిన ఓర్టా ఆ ఇన్నింగ్స్‌లో పరుగు తీయనేలేదు. కాసేపట్లో థర్డ్ బేస్ దగ్గర ఔటయ్యాడు. ఈలోగా కార్డినల్స్ ఒక తేలికైన ఫౌల్ క్యాచ్ వదిలేశారు, క్యాచర్ ఒక బంతి వెనక్కి పోనిచ్చాడు. 11-0లో ఆ పదకొండు పరుగులూ ఓర్టాయే తీశాడని కొత్త తరానికి చెబితే నమ్మేటంత దాకా వచ్చింది పరిస్థితి. ఇరవై ఏడేళ్లు అంపైర్‌ను శపించినవాళ్లు ఒక్క రాత్రిలో రూల్ బుక్‌కు హారతి పట్టారు. దీన్ని అవకాశవాదం అంటారు లోకులు. మన శాస్త్రంలో దీన్ని అర్హత అంటారు.

ఓడినవాడు లేకపోతే తప్పు బతకదనడానికి హోల్‌బ్రూకే సాక్ష్యం. 2019 వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్‌లో ఆయన హోం ప్లేట్ దగ్గర ఉన్నాడు. ఫస్ట్ బేస్‌కు పరుగెత్తేవాడు గీసిన దారిలో లేడని వాషింగ్టన్ నేషనల్స్ ఆటగాడు ట్రే టర్నర్‌ను ఔటిచ్చాడు. ఆట నిలిచిపోయింది. కానీ కాసేపటికే ఆంథొనీ రెండన్ హోం రన్ కొట్టాడు. అయినా కోపం చల్లారని వాషింగ్టన్ మేనేజర్ డేవ్ మార్టినెజ్ ఆ సగం ఇన్నింగ్స్ ముగిశాక కేకలు పెట్టి బయటికి పంపించేయించుకున్నాడు. చివరికి వాషింగ్టన్ 7-2తో గెలిచింది, మర్నాడు కప్పూ గెలిచింది. దాంతో ఆ తప్పు అనాథ అయిపోయింది. పెంచేవాళ్లు లేరు. 2024లో లీగ్ చప్పుడు చేయకుండా ఆ దారిని గడ్డి అంచు వరకు వెడల్పు చేసి అంత్యక్రియలు కూడా చేసేసింది.

అసలు ముప్పు ఇంకో వైపు నుంచి వస్తోంది. 2014లో వీడియో రీప్లే విస్తరించినప్పుడే మన వృత్తికి సగం తిండి పోయింది. డెంకింగర్ లాంటి తప్పు ఇప్పుడు కొద్ది నిమిషాల్లో సరిదిద్దేస్తారు, పాపం పుట్టగానే చచ్చిపోతుంది. ఇన్‌ఫీల్డ్ ఫ్లై అంచనాను మాత్రం రీప్లేకు ఇవ్వలేదు. ఆ దయ కోసం లీగ్‌కు రుణపడి ఉండాలి. 2026 సీజన్ నుంచి బాల్, స్ట్రైక్ నిర్ణయాలను కెమెరాలకు సవాలు చేసే పద్ధతి తెచ్చారు. ఒక్కో జట్టుకు రెండు సవాళ్లు, నెగ్గితే సవాలు మిగులుతుంది, ఓడితే పోతుంది. మేనేజర్ అడగడానికి లేదు. బ్యాటర్, పిచర్, క్యాచర్, ఈ ముగ్గురిలో ఎవరో అక్కడికక్కడే అడగాలి. అంటే మూడో ఇన్నింగ్స్‌లో అనవసరమైన పంతానికి పోయి రెండు సవాళ్లూ వాడేసుకున్నాడనుకోండి మన క్యాచర్. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో, రెండు ఔట్లు, బేస్‌లు నిండి ఉండగా అంపైర్ నిజంగానే తప్పు చేశాడనుకోండి. అప్పుడు తిట్టాల్సింది మనవాడినే.