వీటీ స్టేషన్ గోడల మీద నెమలిని చెక్కిందెవరు?

ముంబై సీఎస్‌ఎంటీ (ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్) స్టేషన్‌ను చాలామంది ఇప్పటికీ పాత పేరు విక్టోరియా టెర్మినస్‌తో వీటీ అనే పిలుస్తారు. 1878లో మొదలుపెట్టి పదేళ్లు కట్టిన ఆ భవనం గురించి ఏ గైడ్‌ని అడిగినా ఆర్కిటెక్ట్ ఎఫ్.డబ్ల్యూ. స్టీవెన్స్ పేరు ఠక్కున చెప్తాడు. గేటు స్తంభాల మీది సింహం, పులి, గుమ్మటం పైన కాగడా పట్టుకున్న 'ప్రగతి' విగ్రహం థామస్ ఎర్ప్ చేసినవని కూడా రికార్డుల్లో ఉంది. రైల్వే కంపెనీ పెద్దల ముఖాలైతే గుండ్రటి రాతి చట్రాల్లో గోడ మీదే ఉన్నాయి.

మరి మిగతాదంతా? పురివిప్పిన నెమలి, కోతులు, ఉడతలు, స్తంభాల తలల చుట్టూ అల్లుకున్న ఆకులూ పూలూ, వీటి దగ్గరికొచ్చేసరికి 'బాంబే ఆర్ట్ స్కూల్ విద్యార్థులు, స్థానిక పనివాళ్లు' అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. భవనం నమూనా యూరప్ పాత చర్చిల్లో కనిపించే గోథిక్ శైలిదే కావచ్చు, కానీ మనిషి ఆగి తలెత్తి చూసేది ఆ నెమలిని. దాన్ని చెక్కినవాళ్లు 'పనివాళ్లు' ఎలా అయ్యారు, పెద్దల ముఖాలు మాత్రం పేర్లతో సహా చరిత్రలోకి ఎలా ఎక్కాయి?

ఆ రోజుల్లో పేర్లు రాసుకునే అలవాటే లేదనడం కుదరదు. దగ్గర్లోనే ఉన్న రాజాబాయి గడియార టవర్ మీద పశ్చిమ భారత కులాల బొమ్మలున్నాయి, వాటికి నమూనాలు చేసిన అసిస్టెంట్ ఇంజినీర్ రావు బహదూర్ ముకుంద్ రామచంద్ర పేరు నిలిచింది. హోదా ఉంది కాబట్టి నిలిచిందని నా అనుమానం. మన తెలుగువాళ్ల సంగతే చూడండి, నిజాం ఇలాకా నుంచి వలస వెళ్లి ఆ నగరంలో కట్టుబడి పనులు చేసిన కామాఠీల గుర్తుగా కామాఠీపుర అనే పేట పేరు మిగిలింది, మనుషుల పేర్లు మిగల్లేదు.

ఇది పాత బాకీ మాత్రమే అయితే ఇంత రాయక్కర్లేదు. అక్కడి చెక్కడాలకు ఎక్కువగా వాడిన పోర్‌బందర్ రాయి మెత్తని సున్నపురాయి, ఉలికి తేలిగ్గా లొంగుతుంది, అంత తేలిగ్గానే ఉప్పుగాలికీ పొగకీ అరిగిపోతుంది. ఊడిన చోట సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి రాలేక పక్కనున్న మంచి రాయి కూడా పెచ్చులు లేస్తుంది, కాబట్టి పాత పని తెలిసిన చేతులే దాన్ని బాగుచేయాలి, అవి ఎన్ని ఉన్నాయి? మన చార్మినార్ అలంకరణ రాతిది కాదు, గార పని, అయినా 2019లో మినార్ నుంచి ఒక పెచ్చు ఊడిపడినప్పుడు మనకు ఎదురైన ప్రశ్న అదే, డంగు సున్నం (గానుగలో నూరిన సున్నం) పని తెలిసిన చేతులు ఎన్ని మిగిలాయని.

అందుకే మరమ్మతు టెండర్లలో రేటు ఒక్కటే చూడటం తప్పు. చెక్కే మనిషి ఎవరో, అతని అనుభవమేమిటో ముందే అడగాలి, పని పూర్తయ్యాక ఏ బొమ్మను ఎవరు బాగుచేశారో భవనం దగ్గరే బోర్డు పెట్టాలి, కాంట్రాక్టరు పేరు కింద ఇంకో నాలుగు లైన్లకు చోటుంటుంది.