ప్రోగ్రాంలో లేని పది నిమిషాలు

పర్యావరణ పాఠాల విషయంలో విశాఖ స్కూళ్లు అదృష్టవంతులు. కంబాలకొండ అడవి, ఎర్రమట్టి దిబ్బలు, తొట్లకొండ, మంగమారిపేట సహజ శిలాతోరణం, అన్నీ పక్కపక్కనే ఉన్నాయి. 6 నుంచి 8 తరగతుల మధ్య పది రోజులు పుస్తకాల సంచి లేకుండా నేర్పాలని 2020 జాతీయ విద్యా విధానం కూడా చెబుతోంది. ట్రిప్పులు పెరుగుతాయి, పెరగాలి కూడా.

తల్లిదండ్రుల టెన్షన్ అంతా అడవి గురించే. కంబాలకొండలో చిరుతలున్న మాట నిజమే. కానీ అక్కడ అటవీ శాఖ గేటు ఉంటుంది, నడిచే దారి ఉంటుంది, టీచర్లూ ఒళ్లు దగ్గర పెట్టుకునే ఉంటారు. నా భయం తిరుగు ప్రయాణం గురించి. "సార్, ఒక్క పది నిమిషాలు బీచ్" అని పిల్లలు బతిమాలతారు. భీమిలి రోడ్డులో ఎక్కడ ఆపినా సముద్రమే. అప్పటికి టీచర్లు అలసిపోయి ఉంటారు, పిల్లల లిస్టు బ్యాగులోకి వెళ్లిపోయి ఉంటుంది.

2014 జూన్ 8న హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది బియాస్ నదిలో కొట్టుకుపోయింది కూడా ఇలా దారి మధ్యలో ఆగిన చోటే. మనాలి వెళ్తూ ఫొటోల కోసం నదిలోకి దిగారు. ఎగువన లార్జి డ్యామ్ నీళ్లు వదిలారు.

మన తీరంలో ప్రాణం పోవడానికి డ్యామ్ అక్కర్లేదు. అలలు ఒడ్డుకు తెచ్చిపోసిన నీరు వెనక్కి పోవడానికి ఇసుక తిన్నెల మధ్య సన్నటి దారి చేసుకుంటుంది. అక్కడ లోతెక్కువ కాబట్టి అల పెద్దగా విరగదు, పైకి నీరు నిమ్మళంగా కనిపిస్తుంది. అల తక్కువగా ఉంది కదా అని టీచర్లు చిన్నపిల్లల్ని దింపేది సరిగ్గా అక్కడే! ఆ లాగుడుకు ఎదురీదితే ఈత బాగా వచ్చినవాళ్లు కూడా సొమ్మసిల్లిపోతారు. ఒడ్డు వెంబడి పక్కకు ఈది, లాగుడు దాటాక ఒడ్డుకు రావాలి. పైగా ఈ దారులు చోటు మారుతుంటాయి. పోయినేడు దిగిన చోటే కదా అనుకోవడానికి వీల్లేదు. అసలు ట్రిప్పులో చెప్పాల్సిన మొదటి పాఠం ఇదే అంటాను.

ట్రిప్పులే మానేస్తే సరి అనేవాళ్లున్నారు. కానీ 2022 జులైలో అనకాపల్లి జిల్లా పూడిమడకలో మునిగిపోయిన ఇంజినీరింగ్ విద్యార్థులను ఏ టీచరూ తీసుకెళ్లలేదు. పరీక్ష అయ్యాక వాళ్లంతట వాళ్లే వెళ్లారు.

"ఏం జరిగినా స్కూలుకు బాధ్యత లేదు" అని సంతకం చేయించుకునే కాగితం యాజమాన్యం ధైర్యం కోసమే తప్ప పిల్లల కోసం కాదు. దాని బదులు బస్సు ఆగే చోట్లన్నీ రాసిచ్చి సంతకం అడగాలి. బీచ్ ఉంటే ఏ బీచ్, లైఫ్‌గార్డులు ఉన్నారా, ఒడ్డున నిలబడి చూసే టీచర్ ఎవరు (ఫొటోలు తీసే పని ఆ టీచర్‌కు పెట్టకూడదు), అన్నీ అందులో ఉండాలి. ఆ రోజు పొద్దున్నే అక్కడి జాలర్లను అడిగితే నీరు ఎక్కడ లాగుతోందో చెబుతారు. ఎక్కిన ప్రతిసారీ తలలు లెక్కపెట్టాకే బస్సు కదలాలి. ఇక లిస్టులో లేని చోట ఆపమని హెడ్మాస్టర్ అడిగినా సరే, కుదరదని చెప్పే అధికారం డ్రైవర్‌కు రాతపూర్వకంగా ఇవ్వాలి.