రీమ్యాప్ తప్పు కాదు, అడుగున పెంచే టార్కే తప్పు

టర్బో (ఇంజిన్లోకి గాలిని కుక్కే పరికరం) ఉన్న పెట్రోల్ కారుకు రీమ్యాప్, అంటే ఇంజిన్‌ను నడిపే ఈసీయూ అనే కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్ ఫైలును మార్పించడం, చేయించిన వాళ్లను కదిపితే ముందు చెప్పేది డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద వచ్చిన బీహెచ్‌పీ అంకె. రీమ్యాప్ చేసే ట్యూనర్ల ప్రకటనల్లోనూ అదే. ఇంజిన్ ఎన్నాళ్లు నిలుస్తుందో తేల్చేది మాత్రం ఆ అంకె కాదు. ఎంత పెంచారన్నదాని కంటే ఏ ఆర్‌పీఎంలో (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) పెంచారన్నదే ముఖ్యం.

కస్టమర్‌ను మొదటి రౌండ్‌లోనే మెప్పించాలని చాలామంది 1,500 నుంచి 2,500 ఆర్‌పీఎం మధ్య టార్క్‌ను, అంటే ఇంజిన్ తిప్పే బలాన్ని, అమాంతం లేపుతారు. యాక్సిలరేటర్ తొక్కగానే వీపు సీటుకు అతుక్కుంటుంది, పెట్టిన డబ్బు వసూలైందనిపిస్తుంది. ఇంజిన్ నలిగేది సరిగ్గా అక్కడే. తక్కువ ఆర్‌పీఎంలో పిస్టన్ నింపాదిగా కదులుతుంది. సిలిండర్లో కుక్కిన గాలి, పెట్రోలు ఎక్కువసేపు ఒత్తిడిలో ఉండి వేడెక్కుతాయి. స్పార్క్ పడకముందే మిశ్రమం అంటుకుందంటే, పైకి వస్తున్న పిస్టన్ నెత్తిన పిడుగు పడ్డట్టే. దీన్నే ఎల్‌ఎస్‌పీఐ (లో స్పీడ్ ప్రీ ఇగ్నిషన్) అంటారు. గట్టిగా ఒక్కసారి జరిగినా పిస్టన్ రింగుల మధ్య గట్టు విరగొచ్చు, కనెక్టింగ్ రాడ్ వంగొచ్చు. ఈ బెడద తట్టుకోవడానికే 2018లో ఏపీఐ ఎస్‌ఎన్ ప్లస్ అనే ఇంజిన్ ఆయిల్ ప్రమాణం వచ్చింది, 2020లో ఎస్‌పీ వచ్చింది. రీమ్యాప్ చేయించి పాత రకం ఆయిలే పోయించేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

చిన్న లెక్క చూడండి. టార్క్‌ను ఆర్‌పీఎంతో గుణించి 7,024తో భాగిస్తే పవర్ పీఎస్‌లో వస్తుంది. 2,000 ఆర్‌పీఎం దగ్గర 250 న్యూటన్ మీటర్లు ఇచ్చినా దక్కేది 71 పీఎస్. 5,000 దగ్గర 200 ఇస్తే 142. అంటే అడుగున టార్క్‌ను కంపెనీ పెట్టిన దగ్గరే ఉంచి, 3,000 దాటాక మెల్లగా పెంచినా పవర్ పెరుగుతుంది, రాడ్ల మీద, క్లచ్ మీద అంత దెబ్బ పడదు. టర్బో చిన్నదైతే పైన కూడా హద్దు ఉంటుంది. టర్బైన్ వేగం, పొగ వేడి మితిమీరకూడదు.

ఈ సంగతి కంపెనీలకు ఎప్పుడో తెలుసు. స్కోడా ఆక్టావియా 1.8 టీఎస్‌ఐ యూరప్‌లో మాన్యువల్ గేర్‌బాక్స్‌తో 320 న్యూటన్ మీటర్లు ఇచ్చేది. మన దేశంలో ఏడు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌తో 250కే కట్టేశారు. డ్రై క్లచ్‌లు (ఆయిల్లో మునగని క్లచ్‌లు) ఉన్న ఆ గేర్‌బాక్స్ హద్దు అంతే. పవర్ మాత్రం రెండింట్లోనూ 180 పీఎస్. అడుగున టార్క్ తగ్గించి, పైన దాన్ని ఎక్కువసేపు నిలబెట్టారు. ఇంతకంటే మంచి రీమ్యాప్ పాఠం ఎక్కడ దొరుకుతుంది?

కోట్లు పోసి పరీక్షించిన కంపెనీ కంటే ల్యాప్‌టాప్ పట్టుకున్న కుర్రాడికి ఎక్కువ తెలుసా అని అడిగేవాళ్లున్నారు. అడగాల్సిందే. వారంటీ పోయే ముప్పు నిజం, ఇన్సూరెన్స్‌కు చెప్పకపోతే క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది. కానీ కంపెనీ ఒకే ఇంజిన్‌ను దేశదేశాల పెట్రోలుకు, చలికి, ఎండకు, సర్వీసు ఎగ్గొట్టే ఓనర్లకు కూడా సరిపోయేలా కడుతుంది. అందుకోసం వదిలిన మార్జిన్‌లో కొంత, జాగ్రత్తపరుడు వాడుకోవచ్చు.

వాడుకునేటప్పుడు మన ఎండను మరవకూడదు. చలిదేశంలో రాసిన ఫైలును మే నెలలో విజయవాడలో ఎక్కిస్తే టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ చేతులెత్తేస్తుంది. మధ్యాహ్నం మూడో గేర్లో ఫుల్ థ్రాటిల్ ఇచ్చి లాగ్ (ఈసీయూ అంకెల రికార్డు) తీయండి: లోపలికి వెళ్లే గాలి వేడి ఎంత, టర్బోను అడిగిన బూస్ట్ (గాలి ఒత్తిడి) ఎంత, వచ్చింది ఎంత, ఏ సిలిండర్లో నాక్ (మిశ్రమం అదుపు తప్పి పేలడం) వల్ల స్పార్క్ టైమింగ్ ఎన్ని డిగ్రీలు వెనక్కి తగ్గింది. ఒకే సిలిండర్లో టైమింగ్ పదేపదే తగ్గుతుంటే ఆ మ్యాప్ వెంటనే తీసేయాలి. బంకుల్లో ఇప్పుడున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు. ఇథనాల్ నాక్‌ను అణుస్తుంది కానీ శక్తి తక్కువ కాబట్టి ఇంధనం ఎక్కువ చల్లాలి. హై ప్రెషర్ పంపు అంత అందించగలదో లేదో కూడా లాగ్‌లోనే తేలుతుంది.

ఆ లాగ్ ఓనర్ చేతికి ఎందుకు రాదన్నదే నా అసలు గోడు. ఫైల్లో ఏం మార్చాడో ట్యూనర్ చెప్పడు. అసలు ఫైల్లో ఏముందో కంపెనీ చెప్పదు. 2015లో బయటపడ్డ ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ ఉద్గారాల మోసం ఇలాంటి మూసిన ఈసీయూలోనే దాగింది. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కుపై కమిటీ వేసి ఆటోమొబైల్ రంగాన్నీ అందులో చేర్చింది. ఆ హక్కు విడిభాగాలు, మాన్యువళ్ల దగ్గర ఆగితే చాలదు. ఈసీయూ డేటా ఓనర్‌కు చదవదగ్గ రూపంలో ఇవ్వాలని నిబంధన రావాలి. అది కంపెనీకీ ట్యూనర్‌కూ ఒకేలా వర్తించాలి.