‘ఇఫ్’ వచ్చిన చోటల్లా మూడు సూత్రాలేనా?

పరీక్షలు దగ్గర పడితే చాలు, ఒక బొమ్మ వాట్సాప్‌లో చేతులు మారడం మొదలుపెడుతుంది. పసుపు రంగు మీద ఎర్రటి అక్షరాలతో అయిదు సూత్రాలు. ఇంగ్లీషులో షరతు వాక్యాలు మూడే రకాలట. ‘ఇఫ్’ భాగంలో ‘విల్’ ఎప్పుడూ రాకూడదట. అందులో పాస్ట్ టెన్స్ కనిపిస్తే అది జరిగిపోయిన సంగతట. తెలుగు వాక్యంలో ‘తే’ ఉంటే ఇంగ్లీషులో ‘ఇఫ్’ పెట్టాలట. ‘ఇఫ్ ఐ వాజ్’ ఎక్కడ కనిపించినా తప్పేనట. మా ఇంట్లో పదో తరగతి చదివే పిల్లవాడు దీన్ని గోడకు అంటించుకున్నాడు. చింపేయడానికి మనసొప్పక ఇది రాస్తున్నాను.

అన్నిటికంటే ఎక్కువ చెరుపు చేసేది మూడో సూత్రం కాబట్టి ముందు దాని సంగతి. ‘ఇఫ్ ఐ హ్యాడ్ మనీ, ఐ వుడ్ బై ఎ హౌస్’ అనే వాక్యంలో ‘హ్యాడ్’ పాస్ట్ రూపమే. మాట మాత్రం ఇవాళ్టి జేబు గురించి. ఇప్పుడు డబ్బు లేదు, అందుకే కొనడం లేదు. ఆ రూపం ఇక్కడ కాలాన్ని చెప్పడం లేదు, వాస్తవానికి ఎంత దూరంలో ఉన్నామో చెబుతోంది. ఇది మనకు వింతేమీ కాదు. ‘డబ్బుంటే ఇల్లు కొనేవాణ్ణి’ అంటాం. అదే నోటితో ‘చిన్నప్పుడు ఆ కొట్లో జీళ్ళు కొనేవాణ్ణి’ అనీ అంటాం. ఒకటి జరగనిది, రెండోది రోజూ జరిగింది, రూపం ఒక్కటే. ఇంగ్లీషు ‘వుడ్’ కూడా ఈ రెండు పనులూ చేస్తుంది. చుట్టరికం లేని రెండు భాషలు ఇక్కడ ఒకే దారి పట్టడం నాకెప్పుడూ ముచ్చటగానే ఉంటుంది.

తేడా మరోచోట ఉంది. ‘డబ్బుంటే కొంటాను’, ‘డబ్బుంటే కొనేవాణ్ణి’ అన్నప్పుడు మనం ‘ఉంటే’ను కదిలించం, చివరి క్రియను మాత్రమే మారుస్తాం. ఇంగ్లీషులో రెండు వైపులా మార్చాలి. మన పిల్లలు ‘ఇఫ్ ఐ హావ్ మనీ, ఐ వుడ్ బై’ అని రాయడం వెనుక ఉన్నది ఈ తెలుగు అలవాటే. పైగా ‘డబ్బుంటే కొనేవాణ్ణి’ ఇవాళ్టి మాటా కావచ్చు, పోయిన ఏడాది మాటా కావచ్చు. ఏది అన్నది సందర్భాన్ని బట్టి తెలుస్తుంది. ఇంగ్లీషు అలా వదిలిపెట్టదు. పోయిన ఏడాది మాటైతే ‘హ్యాడ్ హ్యాడ్’ అని నత్తి పట్టినట్టు రెండుసార్లు అనాల్సిందే. చెప్పవలసింది ఇది. బొమ్మలో లేనిదీ ఇదే.

‘తే’ సంగతి. మన వ్యాకరణంలో దీని పేరు చేదర్థకం. సంస్కృతంలో ‘చేత్’ అంటే ‘అయినట్లయితే’ అని. పేరు అలా ఉన్నా ప్రతి ‘తే’ షరతు కాదు. ‘నేను వెళితే ఇంటికి తాళం వేసి ఉంది’ అన్నామంటే వెళ్ళడం జరిగిపోయింది, అనుమానం లేదు. అక్కడ ‘ఇఫ్’ కుదరదు, ‘వెన్’ రావాలి. ‘తెల్లవారితే పెళ్ళి’ అన్న చోట ‘ఇఫ్’ పెడితే తెల్లవారుతుందో లేదో అన్న బెంగ పుడుతుంది! ఆ మాటకొస్తే ‘అయితే’లోనూ ‘తే’ ఉంది. దానికి చాలాసార్లు ‘బట్’ సరిపోతుంది.

జరగొచ్చు (ఒకటో రకం), ఇప్పుడు లేదు (రెండోది), అప్పుడు జరగలేదు (మూడోది) అంటూ మూడే రకాలన్నది బోధన కోసం చేసుకున్న సర్దుబాటు. చాలా పాఠ్యపుస్తకాలు వీటికి ముందు సున్నా రకాన్ని కూడా చేరుస్తాయి. నీటిని వేడిచేస్తే మరుగుతుంది లాంటివి అందులోకి వస్తాయి. ‘నిన్న మందు వేసుకుని ఉంటే ఇవాళ లేచి తిరిగేవాడు’ అన్నది సగం గతం, సగం వర్తమానం. ‘అతను ఆ మాట అని ఉంటే అబద్ధం చెప్పాడన్నమాట’ అన్నది ఏ సూత్రంలోనూ ఇమడదు. రెండూ ఇంగ్లీషులో నిక్షేపంగా చెప్పుకునే వాక్యాలే. రాడ్నీ హడిల్‌స్టన్, జెఫ్రీ పుల్లమ్ అనే భాషాశాస్త్రవేత్తలు 2002లో తెచ్చిన కేంబ్రిడ్జి ఇంగ్లీషు వ్యాకరణ గ్రంథం అంకెల జోలికి పోకుండా, జరిగే వీలును తెరిచి ఉంచేవి, వాస్తవానికి దూరంగా పెట్టేవి అని రెండుగా విడదీసింది.

‘విల్’ నిషేధంలో సగం నిజముంది. రేపు వాన పడితే అనడానికి ‘ఇఫ్ ఇట్ రెయిన్స్’ అనాలి, ‘విల్’ అక్కర్లేదు. కానీ ‘విల్’కు ఇష్టపడటం, ఒప్పుకోవడం అనే అర్థం కూడా ఉంది. ‘ఇఫ్ యు విల్ వెయిట్ హియర్’ అంటే దయచేసి ఇక్కడ కాస్త ఆగితే అని మర్యాదగా అడగడం. తప్పు కాదు సరికదా, కార్యాలయాల్లో వినిపించే మాట.

ఇక ‘వాజ్’. ‘నేనే నువ్వైతే’ అనే ఊహకు, ముఖ్యంగా పరీక్షల్లో, ‘వర్’ రాయడమే క్షేమం. మాటల్లో మాత్రం ఇంగ్లీషువాళ్ళే అలాంటి చోట ‘వాజ్’ ధారాళంగా వాడతారు. చిక్కు అది కాదు. ‘నిన్న నేను దురుసుగా మాట్లాడి ఉంటే క్షమించండి’ అనడానికి ‘ఇఫ్ ఐ వాజ్ రూడ్ యెస్టర్డే, ఐ యామ్ సారీ’ అనాలి. మాట్లాడానేమో, ఒప్పుకుంటున్నాను. ఇక్కడ ‘వాజ్’ ఒక్కటే సరైనది. మావాడు బొమ్మ చూసి దాన్ని కొట్టేసి ‘వర్’ అని దిద్దాడు.