సవరణ: ఈసెట్ మార్కుల విభజన గురించి

ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో డిప్లొమా చదువుతూ ఇంజినీరింగ్ డిగ్రీకి సిద్ధమయ్యేవారి కోసం ఇంతకుముందు రాసిన పోస్టులో, డిప్లొమా పూర్తిచేసినవారు బీటెక్ రెండో సంవత్సరంలో చేరేందుకు రాసే ప్రవేశ పరీక్ష అయిన ఈసెట్‌లోని 200 మార్కులలో 150 బ్రాంచి సబ్జెక్టులవేనని, కాబట్టి మొదటి సంవత్సరపు గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలను పరీక్ష ముందు ఒకసారి తిరగేస్తే చాలునని పేర్కొన్నాను. అది తప్పు.

ప్రవేశ పరీక్ష సమాచార పుస్తకం ప్రకారం డిప్లొమా అభ్యర్థులకు గణితానికి 50, భౌతిక శాస్త్రానికి 25, రసాయన శాస్త్రానికి 25, బ్రాంచి సబ్జెక్టులకు 100 మార్కులు ఉంటాయి. నేను పుస్తకం చూడకుండా జ్ఞాపకం మీద ఆధారపడి రాశాను.

అంటే సగం మార్కులు, బ్రాంచి ఏదైనా అందరూ చదివే సబ్జెక్టులవే. మా చిన్న కళాశాలలో భౌతిక శాస్త్ర ల్యాబులో ఒక్క వెర్నియర్ కాలిపర్స్ (సన్నని కొలతలు తీసే పరికరం) చుట్టూ ఎనిమిది మందిమి మూగి, ఒకరు తీసిన రీడింగునే మిగతావారు రికార్డులో ఎక్కించుకున్న ఆ మొదటి ఏడాదినే చాలామంది తేలిగ్గా తీసుకుంటారు, నేనూ అందుకు మినహాయింపు కాదు. గణితం ఒక్కటే మొత్తం మార్కులలో పావు వంతు కనుక, నా మాట నమ్మి దాన్ని పక్కన పెట్టినవారు వెంటనే మళ్లీ మొదలుపెట్టవలసిందిగా కోరుతున్నాను.

మరొక వివరణ: అదే పోస్టులో 'నేరుగా రెండో సంవత్సరం' అని రాసినదాన్ని కొందరు డిప్లొమా ఉత్తీర్ణులైన అందరికీ సీటు ఖాయమన్నట్లు అర్థం చేసుకున్నారు. ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో సీటు పొందినవారు మాత్రమే బీటెక్ రెండో సంవత్సరంలో చేరతారు. పాత పోస్టులోని అంకెలను సరిదిద్దాను.