ఇండెక్స్‌కి 1 కలిపితే ఐడీ రాదు

ఈ వారంలో ముగ్గురు పంపారు, ఒకటే మెసేజ్: "విండోస్ ఫామ్స్ కాంబోబాక్స్‌లో యూజర్ ఏం ఎంచుకున్నాడో చదవడానికి 5 బంగారు సూత్రాలు". కాంబోబాక్స్ అంటే విండోస్ ప్రోగ్రామ్ తెర మీద జాబితా తెరిచి ఒకటి ఎంచుకునే పెట్టె. సీ షార్ప్ ప్రోగ్రామింగ్ భాష ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న పిల్లల గ్రూపుల్లో కూడా తిరుగుతోంది. అందుకే ఊరుకోలేకపోతున్నాను.

మొదటి సూత్రం: కోడ్‌లో ఆ కాంబోబాక్స్ పేరు ముందు సీఎంబీ అని పెట్టాలి. పెట్టినా, పెట్టకపోయినా ఏ నష్టమూ లేదు. ఐదోది: ఇండెక్స్ (ఎంచుకున్న వరుస నంబరు, లెక్క 0 నుంచి మొదలవుతుంది) మైనస్ 1 ఉందేమో, అంటే ఏదీ ఎంచుకోలేదేమో, ముందు చూసుకోవాలి. అది సరైన మాటే.

అసలు ప్రమాదం మూడోది. "సెలెక్టెడ్‌ఇండెక్స్‌కి 1 కలిపితే డేటాబేస్ ఐడీ వచ్చేస్తుంది, సెలెక్టెడ్‌వాల్యూ తలనొప్పి అక్కర్లేదు."

సెలెక్టెడ్‌ఇండెక్స్ ఇచ్చేది ఆ వరుస నంబరు, సెలెక్టెడ్‌వాల్యూ ఇచ్చేది ఆ వరుసకు కట్టిన విలువ. ఐడీ అంటే టేబుల్లో ఒక్కో రికార్డుకు ఉండే సొంత నంబరు.

తెలంగాణ జిల్లాల డ్రాప్‌డౌన్‌నే తీసుకోండి. 2016 అక్టోబరులో 10 జిల్లాలు 31 అయ్యాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యాయి. ఇంగ్లిషు అక్షర క్రమంలో మేడ్చల్ కింద ములుగు వచ్చింది, నల్గొండ కింద నారాయణపేట వచ్చింది. 31 ఉన్నప్పుడు ఈ సూత్రంతో సేవ్ చేసిన రికార్డులను 33 జిల్లాల జాబితాతో తెరవండి. నల్గొండ వాళ్లు నాగర్‌కర్నూలులో కనిపిస్తారు. నిర్మల్ వాళ్లు నల్గొండకు, నిజామాబాద్ వాళ్లు నారాయణపేటకు వెళ్లిపోతారు. ఎర్రర్ రాదు, ప్రోగ్రామ్ ఆగదు, టెస్టింగ్‌లోనూ దొరకదు. దరఖాస్తు పెట్టుకున్న మనిషి మాత్రం తన పేరు ఎందుకు లేదో తెలియక ఆఫీసు చుట్టూ తిరుగుతాడు. ఈ సూత్రం రాసినాయన జిల్లాలు విడిపోయినప్పుడు ఎక్కడున్నాడు? ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. అక్కడ జాబితా సగానికి సగం కొత్తదే.

పోనీ, జిల్లాలు ఎప్పటికీ మారవనే అనుకుందాం. "ఎంచుకోండి" అని పైన ఒక వరుస చేర్చినా, సార్టెడ్‌ని ట్రూ చేసి జాబితాను అక్షర క్రమంలో పెట్టినా, టేబుల్లో ఒక రికార్డు తీసేసినా లెక్క తప్పుతుంది. ఇండెక్స్ చెప్పేది ఆ క్షణంలో ఆ వరుస ఎన్నోదో, అంతే.

రెండోది: "ఎప్పుడూ టెక్స్ట్ ప్రాపర్టీనే వాడండి". అంటే పెట్టెలో కనిపించే అక్షరాలనే తీసుకోమని. డ్రాప్‌డౌన్‌స్టైల్ మార్చకుండా వదిలేస్తే యూజర్ అందులో ఏదైనా టైప్ చేయొచ్చు. ఒకరు నల్గొండ అని కొడతారు, ఒకరు నల్లగొండ అంటారు. రిపోర్టులో రెండు జిల్లాలు తేలతాయి. డ్రాప్‌డౌన్‌లిస్ట్‌గా మారిస్తే టైపింగ్ ఆగుతుంది, నిజమే. కానీ పేర్లు కూడా మారతాయి కదా! 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ వరంగల్ అయింది. 2015లో "వరంగల్" అని సేవ్ చేసిన రికార్డు, 2022లో "వరంగల్" అని సేవ్ చేసిన రికార్డు ఒకే జిల్లావి ఎలా అవుతాయి? రసీదు మీద ప్రింట్ చేయడానికి టెక్స్ట్ వాడండి. టేబుల్లో దాచేది మాత్రం ఐడీనే అయి ఉండాలి.

నాలుగోది: "సెలెక్టెడ్‌ఇండెక్స్‌చేంజ్డ్ ఈవెంట్ యూజర్ మార్చినప్పుడే వస్తుంది". ఈవెంట్ అంటే ఎంపిక మారిందని ప్రోగ్రామ్‌కి అందే కబురు. ఆ మాట తప్పు. కోడ్ మార్చినా వస్తుంది, డేటాసోర్స్ (జాబితాను నింపే టేబుల్) ఇచ్చినా వస్తుంది. సేవ్ చేసే కోడ్ అందులో పెట్టారంటే ఎవరూ మౌస్ ముట్టుకోకముందే డేటాబేస్‌లో రాతలు పడతాయి. యూజర్ మార్పే కావాలంటే సెలెక్షన్‌చేంజ్‌కమిటెడ్ ఉంది. అది కూడా కొన్ని సందర్భాల్లో రాకపోవచ్చని మైక్రోసాఫ్టే రాసింది, కాబట్టి మీ ఫామ్‌లో కీబోర్డుతోనూ మార్చి చూసుకోండి.

ఇంత చెప్పాక ఒక మాట ఒప్పుకోవాలి. సెలెక్టెడ్‌వాల్యూ మీద ఆ సూత్రాలు రాసినాయనకున్న భయం ఉత్తది కాదు. ఐటమ్స్.యాడ్‌తో ఒక్కో వరుసా నింపిన కాంబోబాక్స్‌లో అది నల్, అంటే ఖాళీ, ఇస్తుంది. డేటాసోర్స్ ముందు ఇచ్చి వాల్యూమెంబర్ (ఐడీ ఏ కాలమ్‌లో ఉందో చెప్పేది) తర్వాత ఇస్తే, మధ్యలోనే ఈవెంట్ వచ్చి, ఐడీ ఉండాల్సిన చోట "సిస్టమ్.డేటా.డేటారోవ్యూ" అని చూపిస్తుంది. నేనూ దీంతో ఒక రాత్రంతా కూర్చున్నాను. కొత్తవాళ్లు దీన్ని చూసి టెన్షన్ పడి టెక్స్ట్ వైపో, ఇండెక్స్ వైపో పారిపోతే తప్పు వాళ్లది కాదు, ఆ డిజైన్‌దే.

దానికి మందు మాత్రం ఇండెక్స్‌కి 1 కలపడం కాదు. డిస్‌ప్లేమెంబర్ (తెర మీద చూపించే కాలమ్) ముందు, తర్వాత వాల్యూమెంబర్, చివరికి డేటాసోర్స్. మీ కోడ్‌లో ఆ మూడు లైన్లు ఏ వరుసలో ఉన్నాయో ఇప్పుడే తెరిచి చూడండి.